మూడో కాపీ

సిడ్నీలో టూంగాబీ స్టేషన్ దిగి వచ్చే దారిలో, టైర్ల షాపుకీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కున్నట్టు ఉంటుంది లీల వంటశాల. పెద్ద బోర్డేమీ లేదు. అద్దం మీద తెలుగులో ‘లీల క్యారియర్లు’ అనీ, కింద ఇంగ్లీషులో అదే మాటా రాసి ఉంటాయి. హోటలనుకుని లోపలికొచ్చి మెనూ అడిగేవాళ్ళకి లీల ఒకటే చెబుతుంది.

“ఇక్కడ డెబ్భై దాటినవాళ్ళకే భోజనమండీ. మీరింకా కొన్నాళ్ళు ఆగాలి.”

నిజంగానే అది పెద్దవాళ్ళ వంటిల్లు. టూంగాబీ, పెండిల్ హిల్, వెంట్‌వర్త్‌విల్, గిరావీన్‌లలో కొడుకులూ కోడళ్ళూ ఆఫీసులకి వెళ్ళిపోయాక పగలంతా టీవీ చూస్తూ కూర్చునే పెద్దలకి వారంలో ఐదు రోజులు మధ్యాహ్నం భోజనం పంపిస్తుంది. లీలది కాకినాడ. భర్త విజయభాస్కర్ బ్యాంకు ఉద్యోగం మీద సిడ్నీ వచ్చాక ఆమె చాలా ఏళ్ళు ఒక ఆసుపత్రి వంటశాలలో పనిచేసింది. ఏ జబ్బుకి ఏది పడుతుందో, ఏది పడదో అక్కడే నేర్చుకుంది. ఆసుపత్రి పళ్ళెంలో మెత్తగా నలిపిన దుంప ముద్దని చూసి మన పెద్దవాళ్ళు ముఖం తిప్పేసుకోవడం కూడా అక్కడే చూసింది. ఉప్పు తగ్గించినా పప్పు పప్పులాగే ఉండాలనీ, కారం లేకపోయినా పులుసుకి పులుసు వాసన రావాలనీ పట్టుబట్టి సొంతంగా ఈ వంటశాల పెట్టుకుంది.

వండడం ఒక ఎత్తు, ఎవరికేం వండాలో గుర్తుపెట్టుకోవడం ఒక ఎత్తు. జనార్దనరావు గారికి కిడ్నీ జబ్బు. టమాటా తగలకూడదు, దుంపలు ఉడికించిన నీళ్ళు పారబోసి మళ్ళీ వండాలి. సత్యనారాయణమూర్తి గారు గుండె ఆపరేషన్ అయ్యాక రక్తం పలచబడే మందు వేసుకుంటున్నారు. ఆకుకూర మానక్కర్లేదు కానీ ఒక వారం ఎక్కువ, ఒక వారం తక్కువ పెట్టకూడదు. శ్యామసుందరి గారికి వేరుశనగ గిట్టదు. చిన్న పలుకు నోట్లో పడినా గొంతు వాచిపోయి ఊపిరాడదు. ఇవి కాక ఎవరింట్లో బెల్లు పనిచెయ్యదో, ఎవరి చేతులకి మూత గట్టిగా బిగిస్తే తెరుచుకోదో, ఎవరు తలుపు తీయడానికి ఎంతసేపు పడుతుందో, ఇలాంటి చిన్నచిన్న సంగతులన్నీ కొన్నేళ్ళుగా వంటశాల కంప్యూటర్లోకి చేరుతూ వచ్చాయి. రోజూ పొద్దున్నే దాన్నుంచే ఆ రోజు వంటల లెక్కా, ప్రతి క్యారియరు మీదా అంటించే లేబులూ వచ్చేవి.

ఒకసారి ఆ కంప్యూటరే పోయింది. ముందు రోజు సాయంత్రం దాకా బాగానే ఉన్నది, పొద్దున్న బటన్ నొక్కితే ఉలకదు, పలకదు. లీల గుర్తున్నంత వరకూ చేత్తో రాసి, గుర్తులేని ఇళ్ళకి ఫోన్లు చేసి అడిగి, ఎలాగో భోజనాలు పంపింది. మధ్యాహ్నం శ్యామసుందరి గారి దగ్గర్నుంచి ఫోనొచ్చింది.

“ఏమ్మా లీలా, నన్ను ఇవాళే పంపించేద్దామనుకున్నావా? మా మనవరాలి గ్రాడ్యుయేషన్ చూసి పోదామనుకుంటున్నానే.”

వంకాయ కూరలో వేరుశనగ పొడి. మూత తియ్యగానే వాసన పట్టి ఆవిడ మళ్ళీ మూత పెట్టేశారు. ఆవిడ నవ్వుతూనే చెప్పారు కానీ లీల ఫోను పట్టుకుని అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. మర్నాడూ ఆ మర్నాడూ వంటశాల తెరవలేదు. తెరిచేసరికి కొన్ని కుటుంబాలు వేరే ఏర్పాట్లు చేసుకున్నాయి. వాళ్ళని లీల తప్పుపట్టలేదు.

చచ్చిన కంప్యూటర్ని చంకన పెట్టుకుని హారిస్ పార్క్‌లో కంప్యూటర్లు బాగుచేసే ఆషిక షాపుకి వెళ్ళింది. మిఠాయి కొట్టు మేడ మీద చిన్న గది అది. ఆషిక ఫిజీ నుంచి వచ్చిన కుటుంబం పిల్ల. ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి చెరకు తోటలకి వెళ్ళినవాడట. నాయనమ్మ దగ్గర నేర్చిన కాస్త తెలుగుకి ఇంగ్లీషు కలిపి మాట్లాడుతుంది. మెత్తటి మనిషి, పని విషయంలో మాత్రం మొహమాటం లేదు.

“ఆంటీ, డిస్క్ ఈజ్ డెడ్. బ్యాకప్ ఎక్కడుంది?”

“బ్యాకప్పేంటమ్మా, అంతా అందులోనే ఉందిగా.”

“అయితే అంతా అందులోనే పోయింది.”

లీల కళ్ళలో నీళ్ళు తిరగడం చూసి ఆషిక కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. అప్పుడు చెప్పింది. పనికొచ్చేది ఏదైనా మూడు చోట్ల ఉండాలి. ఒకటి రోజూ వాడే కంప్యూటర్లో. రెండోది రోజూ దానంతటదే క్లౌడ్‌లోకి, అంటే దూరంగా ఎక్కడో ఉన్న కంప్యూటర్లలోకి పోయేట్టు. మూడోది చేతిలో పట్టే చిన్న డిస్కులో. ఆ డిస్కుకి కాపీ చేసుకునేటప్పుడు తప్ప ఏ తీగా తగలకూడదు, అది వంటశాలలో ఉండకూడదు.

“మూడోది ఎందుకమ్మా? రెండు చాలవూ?”

“దొంగ ఇంటర్నెట్ లోంచి వస్తే, ఇంటర్నెట్‌కి తగిలినవన్నీ చూస్తాడు ఆంటీ. తగలనిది చూడలేడు.”

లీలకి అది అర్థమైంది. ఇల్లిల్లూ అడిగి వివరాలన్నీ కొత్త కంప్యూటర్లోకి మళ్ళీ ఎక్కించింది. అప్పట్నుంచి ప్రతి శుక్రవారం పని అయ్యాక డిస్కు తగిలించి, కాపీ అయ్యేదాకా కూర్చుని, తీసి సంచిలో వేసుకుని ఇంటికి పట్టుకెళ్ళి బీరువాలో పట్టుచీరల అడుగున పెట్టేది. విజయభాస్కర్ మొదట్లో నవ్వాడు. తరవాత తనే శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర “డిస్కు వచ్చిందా?” అని అడగడం మొదలుపెట్టాడు.

అంతటితో ఐపోయిందనుకుంది లీల. కొన్ని నెలలకి ఓ ఆదివారం ఆషిక ఒక పాత ల్యాప్‌టాప్ పట్టుకుని వంటశాలకొచ్చింది.

“ఆంటీ, కిచెన్ కంప్యూటర్ కాలిపోయింది అనుకోండి. రేపు పొద్దున్న లేబుల్స్ కావాలి. చూపించండి.”

“అదేంటమ్మా, బానే ఉందిగా?”

“అనుకోండి, ప్లీజ్.”

లీల విసుక్కుంటూనే డిస్కు తెచ్చింది. తెరిచి చూస్తే అందులో ఉన్నవి ఎప్పటివో పాతవి. మధ్యలో ఒకసారి ఫైళ్ళన్నీ సర్ది కొత్త ఫోల్డర్లో పెట్టారు. డిస్కులోకి మాత్రం ప్రతి శుక్రవారమూ ఆ పాత ఫోల్డరే కాపీ అవుతూ వచ్చింది. ఇన్ని నెలలుగా తను భద్రంగా బీరువాలో దాచుకున్నది ఎందుకూ పనికిరాని చెత్త. లీల ముఖం మాడిపోయింది.

ఆషిక మాత్రం సంతోషంగా ఉంది. “ఇవాళ తెలిసింది కదా ఆంటీ. నిజంగా కాలిపోయిన రోజున తెలిస్తే?”

రెండోసారి పరీక్ష పెట్టినప్పుడు డిస్కు బాగానే ఉంది కానీ క్లౌడ్ పాస్‌వర్డ్ గుర్తుకు రాలేదు. మూడోసారి అన్నీ దొరికాయి కానీ పాత ల్యాప్‌టాప్‌కి లేబుళ్ళ ప్రింటర్‌తో పొత్తు కుదరలేదు. ఒక్కోసారి ఒక్కో కంత బయటపడింది, దాన్ని పూడ్చారు. నాలుగోసారి ఆషిక చేతులు కట్టుకుని స్టూలు మీద కూర్చుంటే, లీల మొదట్నుంచి చివరిదాకా తనే చేసి లేబుళ్ళు తీసింది. ఆ పాత ల్యాప్‌టాప్‌ని ఆషిక అక్కడే వదిలేసింది. దాన్ని పరీక్షలకి తప్ప దేనికీ వాడకూడదంది.

ఇంకో మాట కూడా చెప్పింది. లీలకీ, ఆమెతో పనిచేసే ఇందిరకీ కలిపి చెప్పింది. “ఎవరైనా ఏదైనా రాంగ్‌గా క్లిక్ చేస్తే, ఇంటర్నెట్ తీగ పీకేసి వెంటనే చెప్పాలి. చెప్పినవాళ్ళని తిట్టకూడదు. తిడితే నెక్స్ట్ టైమ్ దాచేస్తారు.”

తిట్టనని లీల మాటిచ్చింది.

*

ఆ గురువారం లీలకి ముఖ్యమైన రోజు. వృద్ధుల సంరక్షణ చూసే ఒక పెద్ద సంస్థ, పశ్చిమ సిడ్నీలో తమ దగ్గరున్న భారతీయ పెద్దల భోజనాలన్నీ లీలకి అప్పగించాలా వద్దా అని ఆలోచిస్తోంది. ఆ సంస్థ తరఫున కెరిన్ అనే అధికారి మధ్యాహ్నానికి ముందే వంటశాల చూడ్డానికి వస్తానని చెప్పింది. లీల తెల్లారకుండానే వచ్చి స్టవ్వులు తళతళలాడేట్టు తుడిచింది. కొత్త ఏప్రన్లు తీసింది.

ఇందిర వచ్చి ఎప్పట్లాగే ముందు ఈమెయిళ్ళు చూడ్డానికి కూర్చుంది. ఇందిరదీ ఫిజీయే. నాందీ దగ్గర పుట్టి, పెళ్ళయ్యాక ఇక్కడికొచ్చింది. లీలని దీదీ అంటుంది. వాళ్ళాయన దేవనారాయణ్ వంటశాల వ్యాను నడుపుతాడు.

లీల బియ్యం కడుగుతుంటే వెనక గదిలోంచి ఇందిర గొంతు వినిపించింది. గట్టిగా పిలవలేదు. గొంతులో తేడాకే లీల చేతులు ఆగిపోయాయి.

“దీదీ, నేను తప్పు చేశాను.”

కొత్త క్యారియర్లు ఆర్డరిచ్చి వారమైంది. అవి వస్తున్నాయని కొరియర్ కంపెనీ పేరుతో ఒక ఈమెయిలొచ్చింది. దానికి తగిలించిన కాగితం తెరవమంది, ఇందిర తెరిచింది. కాసేపటికి ఫైళ్ళ పేర్లన్నీ ఒకటొకటిగా అర్థంకాని అక్షరాలుగా మారిపోతూ కనిపించాయి. గోడలోంచి ఇంటర్నెట్ తీగ పీకేసింది కానీ అప్పటికే స్క్రీను మీద నల్లగా ఒక నోటీసు. మీ ఫైళ్ళన్నిటికీ తాళం వేశాం, డబ్బు కడితే తాళంచెవి ఇస్తాం, లేదా అన్నీ పోయినట్టే.

లీల నాలుక చివర ఒక కఠినమైన మాట ఉంది. తీగ కొనని ఇంకా పట్టుకునే ఉన్న ఇందిర చేతులు చూసింది. మాట మింగేసింది.

“తీగ పీకేశావుగా?”

“పీకేశాను.”

“మంచి పని చేశావు. వెంటనే చెప్పావు, అది ఇంకా మంచి పని. ఆ కంప్యూటర్ని ఇంక ముట్టుకోకు. ఆషికకి ఫోన్ చేద్దాం.”

ఆషిక ఫోను మోగలేదు. అప్పుడు గుర్తొచ్చింది లీలకి. పెర్త్‌లో హారిస్‌డేల్‌లో ఉంటున్న అక్క దగ్గరికి వెళ్తున్నానని, గురువారం పొద్దున్న విమానమని ఆ పిల్ల చెప్పింది. ఇప్పుడు ఆకాశంలో ఉండుంటుంది. దిగేసరికి ఇక్కడ భోజనాల వేళ దాటిపోతుంది.

విజయభాస్కర్‌కి ఫోన్ చేసింది. అతను ఆఫీసుకి వెళ్ళే రైల్లో ఉన్నాడు.

“ఎంత అడుగుతున్నారో చూడు లీలా. మన తాహతులో ఉంటే పారేసి వదిలించుకుందాం. ఇవాళ ఆవిడొస్తోందిగా.”

“కట్టాక తాళం తీస్తారని గ్యారంటీ ఏంటండీ? దొంగ మాటేగా.”

“అయితే ఆవిడకి ఫోన్ చేసి వచ్చేవారం రమ్మను. ఒంట్లో బాలేదని చెప్పు.”

“భోజనాలు వచ్చేవారం దాకా ఆగవుగా. ముందు అవి చూడనివ్వండి.”

ఫోను పెట్టేశాక లీల రెండు నిమిషాలు గుమ్మంలో నిలబడింది. మొదటిసారి కంప్యూటర్ పోయిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజున ఏం చెయ్యాలో తెలీలేదు. ఇవాళ తెలుసు. లోపలికి నడిచింది.

“ఇందిరా, అన్నం ఎక్కించెయ్. పప్పు ఉప్పు లేకుండా ఉడకనీ, చారు కూడా అంతే. ఎవరికేది కలపాలో తరవాత చూద్దాం. అందరికీ పనికొచ్చేవి ముందు కానిచ్చెయ్. నేనిప్పుడే వస్తాను.”

ఇల్లు రెండు వీధుల అవతలే. బీరువా తీసి, పట్టుచీరలు మంచం మీదికి లాగేసి, అడుగున చెయ్యి పెట్టింది. డిస్కు చల్లగా తగిలింది. చీరలు అలాగే వదిలేసి వెనక్కి వచ్చింది.

ఆత్రంకొద్దీ ఇందిర ఎదురొచ్చి డిస్కు అందుకుని, నేరుగా వంటశాల కంప్యూటర్ దగ్గరికి పరిగెత్తింది. దాని తీగ కంప్యూటర్‌కి గుచ్చబోతుంటే లీల అమాంతం ఆమె మణికట్టు పట్టుకుంది.

“దానికి కాదు. దానికి తగిలిస్తే ఇదీ పోతుంది.”

ఇందిర డిస్కుని రెండు చేతులతో గుండెలకి అదుముకుని వెనక్కి జరిగింది. లీల పై అరలోంచి పాత ల్యాప్‌టాప్ దింపింది. దుమ్ము తుడిచింది. ముందు పొంగిపోతున్న పప్పు కింద మంట తగ్గించి వచ్చి, అప్పుడు డిస్కు తగిలించింది.

ఎక్కడ నొక్కాలో వేళ్ళకే తెలుసు. పరీక్షల పేరుతో ఆషిక ఎన్ని ఆదివారాలు పాడుచేసిందో, ఆ ఆదివారాలన్నీ ఇప్పుడు ఆ వేళ్ళలో ఉన్నాయి. స్క్రీను మీద సన్నటి ఆకుపచ్చ గీత కదలడం మొదలెట్టింది. నత్తలా కదులుతోంది. దాన్ని చూస్తూ కూర్చుంటే పిచ్చెక్కుతుందని లీల వంకాయలు తరగడానికి వెళ్ళింది. ప్రతి రెండు వంకాయలకీ ఒకసారి వచ్చి చూసి వెళ్ళింది.

గీత చివరిదాకా వెళ్ళింది. ఫోల్డర్ తెరిస్తే పేర్లు.

జనార్దనరావు, టమాటా వద్దు, దుంప నీళ్ళు పారబోయాలి. శ్యామసుందరి, వేరుశనగ వద్దు, విడిగా మూకుడు. ఒకాయన ఎడమ చెవికి వినపడదు, కిటికీ మీద తట్టాలి. ఇంకొకావిడకి మజ్జిగ మూత వదులుగా పెట్టాలి. లీల పైనుంచి కిందికి చదువుకుంటూ పోయింది. ప్రతి పేరూ ఒక ముఖమై వస్తోంది. కంట్లో నీరు చేరి అక్షరాలు అలికినట్టయితే, కొంగుతో తుడుచుకుని మళ్ళీ చదివింది.

“దీదీ, అన్నీ ఉన్నాయా?” ఇందిర వంట దగ్గర్నుంచే అడిగింది.

“పోయిన శుక్రవారం దాకా ఉన్నాయి.”

ఈ వారంలో మారినవి ఉండవు మరి. సోమవారం సత్యనారాయణమూర్తి గారి కోడలు అనన్య ఫోన్ చేసి, డాక్టరు మందు మార్చారని, తిండి విషయంలో ఏదో కొత్తగా చెప్పారని అంది. అది రాసుకున్నది లీలే. ఏం రాసిందో పూర్తిగా గుర్తులేదు. గుర్తున్నట్టే ఉంది, నమ్మడానికి లేదు. గుర్తుంది కదా అనుకునే వంకాయ కూరలో వేరుశనగ పొడి వేసింది ఒకప్పుడు.

“రెండో దాంట్లోంచి తీద్దాం” అంది.

గోడకున్న ఇంటర్నెట్ జోలికి పోకుండా, తన ఫోను నుంచి ల్యాప్‌టాప్‌కి ఇంటర్నెట్ ఇచ్చుకుంది. క్లౌడ్ తెరిచి పాస్‌వర్డ్ కొట్టింది. ఫోన్‌కి వచ్చిన నెంబరు కూడా కొట్టింది. తెరిచి చూసింది. అక్కడ కూడా కొన్ని ఫైళ్ళ పేర్లు వికారంగా ఉన్నాయి. తీగ పీకేలోపు కొంత విషం అక్కడిదాకా పాకింది. కానీ క్లౌడ్ ఏ రోజు రూపం ఆ రోజు దాచిపెట్టుకుంటుందని ఆషిక ఒక పరీక్షలో చూపించింది. లీల మెల్లిగా వెతుక్కుని, నిన్నటి రోజు నొక్కింది.

నిన్నటి రూపం శుభ్రంగా వచ్చింది. సత్యనారాయణమూర్తి గారి పేరు పక్కన తన మాటలే ఉన్నాయి: ‘మందు మారింది. దబ్బకాయ, పంపర పనస పెట్టొద్దు. మిగతాది మామూలే.’ ఇవాళ్టి పులిహోరలోకి దబ్బకాయ రసమే పిండుదామని ఆమె పొద్దున్నే కాయలు తీసి బల్ల మీద పెట్టుకుంది. వాటికేసి చూసి లీల నిట్టూర్చింది.

“ఇందిరా, మూర్తి గారికి పులిహోర విడిగా. చింతపండుతో చెయ్యి.”

ప్రింటర్ తీగ పాత ల్యాప్‌టాప్‌కి తగిలించింది. అది ఒకసారి గురగురమంది, ఆగింది, మళ్ళీ గురగురమని మొదటి లేబులు బయటికి తోసింది. ఆ తరవాత ఆగలేదు. ఇందిర ఒక్కో లేబులూ చించి క్యారియరు మీద అంటించడం, లీల గరిటె పట్టుకుని లేబులు పైకి చదివి వడ్డించడం. మధ్యలో ఎప్పుడో ఇందిర తన నాయనమ్మ పాట ఒకటి కూనిరాగం తియ్యడం మొదలెట్టింది. దాంతో ఆమె భయం దిగిపోయిందని లీలకి తెలిసింది.

దేవనారాయణ్ వ్యాను వెనక తలుపులు తీసి పెట్టి, జరిగింది విని ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

“ఇవాళ లేటా?”

“ఎందుకు లేటు? ఎత్తు” అంది లీల.

*

ఆఖరి పెట్టె వ్యానులోకి ఎక్కుతుండగా కెరిన్ కారు దిగింది. పొడుగాటి మనిషి, మెడలో గుర్తింపు కార్డు. వ్యాను కదిలి వెళ్ళేదాకా పక్కన నిలబడి చూసింది. లోపలికొచ్చి ఫ్రిజ్‌లు తెరిచింది, కత్తులు ఎక్కడ పెడతారో అడిగింది, వేరుశనగ తగలకుండా ఉంచే మూకుడు చూపించమంది. లీల అన్నీ చూపించింది. పొద్దుట్నుంచీ ఒక్క నిమిషం కూర్చోలేదు, ఏప్రన్ మీద పసుపు మరకలు, జుట్టు రేగిపోయి ఉంది. అయినా ఆమెకి ఎందుకో బెరుకు లేదు.

చివరికి కెరిన్ సంచి తగిలించుకుంటూ అడిగింది. “ఇంకో ప్రశ్న. ఇది అందర్నీ అడుగుతాం. మా క్లయింట్లకి రకరకాల అలర్జీలూ మందులూ ఉంటాయి. మీ కంప్యూటర్ పనిచెయ్యకుండా పోతే ఎలా?”

ఇందిర గిన్నె కడుగుతున్నది కాస్తా ఆగి లీల వైపు చూసింది. చెప్పకపోయినా కెరిన్‌కి తెలిసేది కాదు. తాళం పడిన కంప్యూటర్ వెనక గదిలో ఉంది. తలుపు వేసేస్తే సరిపోతుంది.

“ఇవాళ పొద్దున్నే పోయింది” అంది లీల.

కెరిన్ సంచి కింద పెట్టింది.

లీల ఆమెని వెనక గదికి తీసుకెళ్ళి నల్లటి నోటీసు చూపించింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. ఈమెయిలు, తీగ, బీరువా, ఆకుపచ్చ గీత, నిన్నటి రూపం. తన ఇంగ్లీషులో కొన్నిచోట్ల తెలుగు దొర్లినా వెనక్కి తీసుకోలేదు. ఇందిర ముందుకొచ్చి, ఆ ఈమెయిలు తెరిచింది తనేనని తనంతట తనే చెప్పింది. కెరిన్ ఏదీ రాసుకోలేదు. నోటీసునీ, బల్ల మీద పాత ల్యాప్‌టాప్‌నీ చూసి, మళ్ళీ నోటీసు చూసింది.

“నేను బయట చూసిన వ్యాను?”

“అవి ఇవాళ్టి భోజనాలే. అందరివీ.”

“అన్నీ సరైనవే వెళ్ళాయని మీకు నమ్మకమేనా?”

“ఒక్కో లేబులూ నేనే చదివి వడ్డించాను” అంది లీల. “కావాలంటే ఏ ఇంటికైనా ఫోన్ చెయ్యండి.”

వ్యాను వెళ్ళి అప్పటికి గంట దాటింది. కెరిన్ నిజంగానే ఫోన్ చేసింది. లీల ఇచ్చిన నెంబర్లలోంచి ఒకటి ఏరుకుంది. అవతల సత్యనారాయణమూర్తి గారు. ఆయనకి ఇంగ్లీషు బాగా వచ్చు, ఎవరైనా దొరికితే చాలు మాట్లాడ్డం ఆపరు. ఇవాళ ఏం తిన్నారు అని అడిగితే పులిహోర గురించి, దాన్లో చింతపండు పాళ్ళ గురించి, కాకినాడ వాళ్ళకి తప్ప ఆ పాళ్ళు ఇంకెవరికీ కుదరవని చాలాసేపు చెప్పారు. కెరిన్ ఫోను చెవికి దూరంగా పట్టుకుని నవ్వడం మొదలెట్టింది.

వెళ్ళేముందు ఆమె లీల చెయ్యి పట్టుకుని ఊపింది. “ఈ ప్రశ్న అడిగితే అందరూ బ్యాకప్ ఉందనే చెబుతారు. ఎవరూ దాన్ని తిరిగి తీసి చూపించలేదు” అంది.

ఆ మధ్యాహ్నం లీల చెయ్యాల్సినవి ఇంకా ఉన్నాయి. సైబర్ నేరాలు చూసే ప్రభుత్వ విభాగానికి ఫోన్ చేసి ఫిర్యాదిచ్చింది. తరవాత ఒక్కో కుటుంబానికీ ఫోన్ చేసి, ఇవాళ మా కంప్యూటర్లోకి దొంగలు జొరబడ్డారు, మీ వివరాలు వాళ్ళ చేతికి చిక్కాయో లేదో పరీక్ష చేయిస్తున్నాం, తెలియగానే చెబుతాం, భోజనాలకి మాత్రం ఇబ్బంది లేదు అని చెప్పింది. కొందరు కంగారుపడ్డారు. ఎవరూ మానేస్తామనలేదు.

ఫోన్లు సగంలో ఉండగా ఆషిక పెర్త్‌లో దిగి, వరసగా ఉన్న మిస్డ్ కాల్స్ చూసుకుని కంగారుగా ఫోన్ చేసింది.

“ఆంటీ, సారీ సారీ. ఏమైంది? డోంట్ టచ్ ఎనీథింగ్, నేను రిమోట్‌లో...”

“ఐపోయిందమ్మా” అంది లీల. “డిస్కులోంచి తీశాను. సోమవారం నుంచి మారినవి క్లౌడ్‌లోంచి, నిన్నటివి. లేబుళ్ళు వచ్చాయి. భోజనాలు వెళ్ళిపోయాయి. ఆ కంప్యూటర్ని ఎవరూ ముట్టుకోలేదు, నువ్వొచ్చాక చూడు.”

ఎయిర్‌పోర్టు రొదలో ఆషిక గట్టిగా, చుట్టుపక్కలవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చిందేమో కూడా.

పెర్త్ నుంచి తిరిగొచ్చాక ఆషిక ఆ కంప్యూటర్ని విప్పి రెండు రోజులు తవ్వింది. ఇందిర అంత తొందరగా తీగ పీకెయ్యడం వల్ల వివరాలేవీ బయటికి పోలేదని తేల్చింది. లీల మళ్ళీ అందరికీ ఫోన్లు చేసి ఆ మాట చెప్పింది. ఇందిర తీగ పీకిన సంగతి కూడా ప్రతి ఇంటికీ పేరుతో సహా చెప్పింది.

నెల తిరక్కుండానే ఆ సంస్థ నుంచి ఒప్పందం వచ్చింది. ఒక వ్యాను సరిపోదని రెండోది కొన్నారు. కొత్త డ్రైవరు కుదరడానికి ఇంకో వారం పట్టేట్టుంది. మొదటి రోజు పొద్దున్న లీల ఏప్రన్ విప్పి, కళ్ళద్దాలు పెట్టుకుని, తనే స్టీరింగ్ ముందు ఎక్కి కూర్చుంది. విజయభాస్కర్ ఆఫీసుకి సెలవు పెట్టి పక్క సీట్లో ఒళ్ళో మజ్జిగ డబ్బాల పెట్టె పట్టుకుని కూర్చున్నాడు.

“మెల్లిగా పోనీ లీలా. ఒలుకుతుంది.”

“మూతలు నేనే పెట్టానండీ” అంటూ ఆమె వ్యానుని రోడ్డెక్కించింది. వెనక కొత్త క్యారియర్లు ఒకదానికొకటి తగిలి ఘల్లుఘల్లుమంటున్నాయి.